కరెంటు పోయి వచ్చిందంటే చాలు, వైఫై గీతలు ఫుల్లు నెట్ నిల్లు, ఎవరికైనా ఇలా అయ్యిందా?

నాగావళి_గట్టు:
అందరికీ నమస్తే. మాది శ్రీకాకుళం, అరసవల్లి రోడ్డు వైపు. కింద అమ్మా నాన్నా నాయనమ్మా, పై ఫ్లోర్‌లో నేను. ఇంటి నుంచే జాబ్, సాయంత్రం 6 నుంచి రాత్రి 11 దాకా కాల్స్ ఉంటాయి. ఫైబర్ కనెక్షన్ మోడెం కింద హాల్లో టీవీ పక్కన ఉంది. పైకి సిగ్నల్ సరిగ్గా రావట్లేదని అన్నయ్య సంక్రాంతికి వచ్చినప్పుడు తన దగ్గర పడి ఉన్న పాత రూటర్ ఒకటి తెచ్చి పైన పెట్టి, మెట్ల పక్క నుంచి కేబుల్ లాగి రెండూ కలిపేసి, వైఫై పేరూ పాస్‌వర్డూ రెండింటికీ ఒకటే పెట్టి వెళ్ళిపోయాడు. బాగానే పనిచేసింది.

ఇప్పుడు ఎండలు మొదలయ్యాక సాయంత్రం గాలీ వానా వస్తే కరెంటు తీసేస్తున్నారు కదా, అరగంటకో గంటకో వస్తుంది. వచ్చాక చూస్తే వైఫై గీతలు ఫుల్లుగా ఉంటాయి కానీ "కనెక్ట్ అయ్యింది, ఇంటర్నెట్ లేదు" అని చూపిస్తుంది. లాప్‌టాప్‌కి వస్తే ఫోన్‌కి రాదు, ఫోన్‌కి వస్తే లాప్‌టాప్‌కి రాదు. నాకు అసలు అర్థం కానిదేంటంటే కింద మోడెం పక్కనే ఉన్న టీవీకి కూడా రావట్లేదు, పైన సమస్య అయితే కింద టీవీకి ఏమైంది చెప్పండి. ఏరోప్లేన్ మోడ్ ఆన్ ఆఫ్ చేస్తే ఒక్కోసారి వస్తుంది ఒక్కోసారి రాదు. లైన్ అబ్బాయి మూడుసార్లు వచ్చాడు, ఏదో మీటర్ పెట్టి మైనస్ 19 ఉంది మేడమ్ మా సైడ్ క్లియర్ అని వెళ్ళిపోయాడు. నిన్న మీటింగ్ మధ్యలో మాయమైపోయాను, మేనేజర్ ముందు పరువు పోయింది. ఇంట్లో మా నాయనమ్మ సీరియల్ మిస్సయిందని ఆవిడ గోల వేరే.

ఉద్దానం_కొబ్బరి:
బావూ ఇది వోల్టేజీ కథ. కరెంటు వొచ్చినప్పుడు ఒక్కసారిగా ఎక్కువ కొడతాది, అడాప్టర్లు సగం సచ్చి ఉంటాయి, లైటు ఎలుగుతాది గానీ పని సెయ్యదు. మా ఇంటికాడ 2018లో తిత్లీ తుఫాను ఎల్లిపోనాక కరెంటు వొచ్చిన మొదటిరోజే మోడెం అడాప్టరు పోనాది, నాను మోడెమే పోనాదనుకొని కొత్తది కొనబోయినాను, ఆఖరికి 12 వోల్టుల అడాప్టరు మారిస్తే సరిపోనాది. నువ్వూ ముందు అది సూడు. కింద అడాప్టరు మీద ఎన్ని వోల్టులు ఎన్ని ఆంపియర్లు అని రాసుంటాదో అదే తెచ్చుకో, పిన్ను దూరింది కదా అని వేరే వోల్టుది పెట్టీకు. లేపోతే వైరు మీద కొబ్బరి మట్ట పడి ఉంటాది, మాకాడ నెలకోపాలి అదే.

గెస్ట్_5:
డీఎన్‌ఎస్ 8.8.8.8 పెట్టండి బ్రో సెట్ అయిపోద్ది

మూడులాంతర్లు:
విజయనగరం నుంచి. నేను సిస్టమ్స్ రిపేరు చేస్తాను, ఇళ్ళల్లో నెట్‌వర్క్ పని కూడా. డీఎన్‌ఎస్, అంటే సైట్ పేరుకి అడ్రస్ వెతికిపెట్టేది, ఇప్పుడే ముట్టుకోకండి. గీతలు ఫుల్లు, నెట్ లేదు అని ఎవరన్నా కళ్ళు మూసుకొని 8.8.8.8 అనేస్తారు, జ్వరమంటే పారాసిటమాల్ అన్నట్టు. అది తగ్గే జ్వరమైతే తగ్గుతుంది.

అడాప్టర్ అంటారా, పోతే పూర్తిగా పోతుంది లేదా మోడెం మాటిమాటికీ రీస్టార్ట్ అవుతూ ఉంటుంది. మీకు అలా ఏం లేదు. మైనస్ 19 అంటే ఫైబర్‌లో వచ్చే లైట్ పవర్ బాగానే ఉన్నట్టే, మైనస్ 27 దాటిపోతే అప్పుడు బెంగ. లైన్ అబ్బాయి అబద్ధం చెప్పలేదు.

నాక్కావలసింది రెండు విషయాలు. ఒకటి, నెట్ ఉన్నప్పుడూ లేనప్పుడూ లాప్‌టాప్‌లో సీఎండీ (కమాండ్ విండో) ఓపెన్ చేసి ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని కొట్టి, ఐపీవీ4 అడ్రస్ (లాప్‌టాప్‌కి వచ్చిన అడ్రస్), డిఫాల్ట్ గేట్‌వే (అది బయటికి వెళ్ళే దారి) ఏం చూపిస్తోందో రెండుసార్లూ రాసి పెట్టండి. టీవీకి రానప్పుడు దాని నెట్‌వర్క్ స్టేటస్‌లో కూడా అడ్రస్ ఉంటుంది, అదీ చూడండి. రెండు, ఇంట్లో ఇన్వర్టర్ ఉందా, ఉంటే ఏది దానికి ఉంది ఏది లేదు.

నాగావళి_గట్టు:
@ఉద్దానం_కొబ్బరి బావు కాదండీ, అమ్మాయినే 🙂 అడాప్టర్ మార్చి చూశాను కూడా, పక్కింటి వాళ్ళది అదే రకం ఉంటే అడిగి తెచ్చి. తేడా లేదు.

@మూడులాంతర్లు నిన్న సాయంత్రం కరెంటు పోయింది, మీరు చెప్పినట్టు రాసుకున్నాను. బాగున్నప్పుడు 192.168.1.7, గేట్‌వే 192.168.1.1. పోయినప్పుడు 192.168.0.103, గేట్‌వే 192.168.0.1. టీవీకి 192.168.0.104. ఇన్వర్టర్ ఉంది, పైన నా రూమ్‌కీ ఫ్యాన్లకీ లైట్లకీ ఇచ్చారు, పైన రూటర్ దాని మీదే ఉంది. అన్నయ్య నా కాల్స్ ఆగకూడదని అలా పెట్టాడు. కింద టీవీ దగ్గర ప్లగ్గుకి ఇన్వర్టర్ లైన్ లేదు, అంటే మోడెం ఆగిపోతుంది. మరి మోడెం ఆగిపోతే పైన రూటర్ నడిచి ఏం లాభమని ఇప్పుడు రాస్తుంటే అనిపిస్తోంది 😅

ఉద్దానం_కొబ్బరి:
సారీ సెల్లెమ్మా. పేరు సూస్తే తెలీలేదు.

మూడులాంతర్లు:
దొరికింది. మీ అన్నయ్య మంచికే చేశాడు గానీ మీ ఇంట్లో అడ్రసులు పంచేవాళ్ళు ఇద్దరైపోయారు.

ఫోన్ గానీ టీవీ గానీ వైఫైకి తగిలిన వెంటనే "నాకో అడ్రస్ ఇవ్వండి" అని ఇంట్లో అందరికీ వినపడేలా అరుస్తుంది. డీహెచ్‌సీపీ అంటే అదే. కింద మోడెం 192.168.1 తో మొదలయ్యేవి ఇస్తుంది, అదే బయటికి దారి. పైన రూటర్ 192.168.0 తో మొదలయ్యేవి ఇస్తుంది, కానీ దాని వెనకాల నెట్ లేదు, ఎందుకంటే మీ అన్నయ్య కేబుల్‌ని బయటి నెట్ తీసుకునే వాన్ పోర్టులో కాకుండా, ఇంట్లో వాటిని కలిపే మామూలు లాన్ పోర్టులో పెట్టి ఉంటాడు. రథసప్తమికి అరసవల్లిలో రెండు కౌంటర్లు టోకెన్లు ఇస్తున్నాయనుకోండి, ఒక కౌంటర్ క్యూ గుడిలోకి వెళ్తుంది, రెండోది కాంపౌండు గోడ దగ్గర ఆగిపోతుంది. టోకెన్ చేతిలో ఉంది కదా అని మనం నిలబడే ఉంటాం. ఫోన్‌లో గీతలు ఫుల్లు చూపించేది అందుకే, గీతలు క్యూలో ఉన్నావనే చెప్తాయి.

ఇప్పుడు కరెంటు సంగతి. కరెంటు పోగానే మోడెం ఆగిపోయింది, ఇన్వర్టర్ మీద పైన రూటర్ బతికే ఉంది. పేరు ఒకటే కాబట్టి ఇంట్లో అన్నీ, కింద టీవీతో సహా (టీవీ కూడా ఇన్వర్టర్ మీద లేకపోతే కరెంటు వచ్చిన రెండు మూడు నిమిషాల్లో, మోడెం ఇంకా లేస్తుండగానే), పైన రూటర్ దగ్గర అడ్రస్ తీసేసుకుంటాయి. తర్వాత మోడెం లేచినా లాభం లేదు. ఎందుకంటే ఒకసారి అడ్రస్ తీసుకున్నాక గడువు సగం అయినప్పుడు మళ్ళీ పొడిగించమని అడుగుతుంది చూడండి, అది ఇచ్చినవాణ్ణే అడుగుతుంది. వాడు సరే అంటాడు. అందుకే దానంతటది బాగుపడదు. ఏరోప్లేన్ మోడ్ పెట్టి తీస్తే మళ్ళీ కొత్తగా అరుస్తుంది, ముందు ఎవరు పలికితే వాళ్ళది, అందుకే మీకు లాటరీలా ఉంది.

చెయ్యాల్సింది చెప్తాను, వరస మాత్రం మార్చకండి. పైన రూటర్‌కి కింద నుంచి వచ్చే కేబుల్ పీకేయండి. లాప్‌టాప్‌ని వైరుతో దానికొక్కదానికే కలపండి, వైఫై ఆఫ్. బ్రౌజర్‌లో 192.168.0.1 కొట్టి లోపలికి వెళ్ళి ముందు లాన్ సెట్టింగ్‌లో దాని సొంత అడ్రస్‌ని 192.168.1.2 చెయ్యండి, సేవ్ కొడితే రీబూట్ అవుతుంది. మళ్ళీ 192.168.1.2 తో లాగిన్ అయ్యి అప్పుడు డీహెచ్‌సీపీ డిసేబుల్ చెయ్యండి. ఆ తర్వాతే కేబుల్ మళ్ళీ లాన్ పోర్టులో. యాక్సెస్ పాయింట్ మోడ్ (అడ్రసులు పంచకుండా వైఫై మాత్రమే ఇచ్చేది) అని మెనూలో ఉంటే ఈ తంటా ఏం లేదు, ఒక్క క్లిక్కు, కానీ పాత వాటిలో చాలావాటికి ఉండదు. కింద మోడెం పంచే రేంజి 2 నుంచే మొదలవుతుంటే 10 నుంచి అయ్యేలా మార్చండి, లేకపోతే రేపు ఎవడి ఫోన్‌కో అదే 2 ఇచ్చేస్తుంది. పనిలో పని, రెండు వైఫైలూ ఒకదానికొకటి అడ్డు రాకుండా 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులో ఛానెల్ కింద 1 పెట్టి పైన 11 పెట్టుకోండి.

బొబ్బిలి_వీణ:
ఇంత కష్టం ఎందుకు మేస్టారూ, కేబుల్ తీసి పైన రూటర్‌కి రంగు వేరేగా ఉండే ఆ ఒంటి పోర్టులో, అదే వాన్ పోర్టులో పెడితే అయిపోయె కదా. సెట్టింగు మార్చక్కర్లేదు. నేను ఇంట్లో ఏళ్ళుగా అలాగే వాడుతున్నా.

మూడులాంతర్లు:
అవుతుంది, తప్పేం కాదు. 0 తో ఒకటి, 1 తో ఒకటి ఉన్నాయి కాబట్టి గొడవ కూడా రాదు. కానీ అప్పుడు పైనది వేరే ఇల్లు, కిందది వేరే ఇల్లు అయిపోతుంది, మధ్యలో గోడ. కింద వైఫై ప్రింటర్ ఉంటే పైన ఉన్న ఫోన్‌కి కనపడదు, పైనుంచి ఫోన్లో వీడియో కింద టీవీకి పంపలేరు. పైకీ కిందకీ తిరుగుతూ కాల్ మాట్లాడితే అడ్రస్ మారి కాల్ కట్ అవుతుంది. ఇవేం లేనివాళ్ళకి మీ పద్ధతే సుఖం.

నాగావళి_గట్టు:
ప్రింటర్ ఉంది కింద, నాన్న రిటైర్డ్ టీచర్, పెన్షన్ కాగితాలన్నీ ఆయనే తీసుకుంటారు, ప్రింట్ పైనుంచి నేనే ఇవ్వాలి. కాబట్టి మీరు చెప్పిందే చేశా. కానీ 🤦‍♀️ వరస మార్చొద్దన్నారు కదా, నేను కంగారులో డీహెచ్‌సీపీ ముందు ఆఫ్ చేసేశా. ఇప్పుడు లాప్‌టాప్ 169.254 అని ఏదో చూపిస్తోంది, 192.168.0.1 తెరుచుకోవట్లేదు. రూటర్ పాడు చేశానా? అన్నయ్యకి చెప్తే ముట్టుకోవద్దన్నానా అంటాడు.

మూడులాంతర్లు:
పాడవలేదు కంగారు పడకండి, పది మందిలో ఎనిమిది మంది ఇదే చేస్తారు, నేనూ మొదట్లో చేశాను. 169.254 అంటే అరిచి అరిచి ఎవరూ పలక్కపోతే లాప్‌టాప్ తనకు తనే పెట్టుకున్న అడ్రస్. రూటర్ అక్కడే ఉంది, అడ్రస్ ఇవ్వడం మానేసిందంతే. లాప్‌టాప్ ఈథర్నెట్ సెట్టింగ్‌లో ఐపీని చేత్తో ఇవ్వండి: 192.168.0.50, సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0, గేట్‌వే ఖాళీ వదిలేయండి. ఇప్పుడు 192.168.0.1 తెరుచుకుంటుంది. అడ్రస్ 192.168.1.2 కి మార్చండి. అయ్యాక లాప్‌టాప్‌ని మళ్ళీ ఆటోమేటిక్‌కి మార్చడం మర్చిపోవద్దు, అది మర్చిపోయి మళ్ళీ నెట్ రావట్లేదని నాకు ఫోన్ చేసినవాళ్ళు బోలెడంతమంది.

ఉద్దానం_కొబ్బరి:
ఇదేదో నాకూ పనికొచ్చీలాగుంది. మా బావమరిది కూడా డాబా మీద ఇలాగే ఒకటి తగిలించినాడు. రేపు సూస్తాను.

నాగావళి_గట్టు:
అయ్యింది!! చేత్తో ఐపీ ఇస్తే తెరుచుకుంది. మోడెంలో రేంజి 2 నుంచే ఉంది, 10 కి మార్చా. మొదట ప్రింటర్ ఒక్కటి మొండికేసింది, చూస్తే పాత 0.105 పట్టుకొని కూర్చుంది, ఆఫ్ చేసి ఆన్ చేస్తే 1.14 తీసుకుంది. టెస్టింగ్‌కి నాన్న మెయిన్ ఆఫ్ చేసి పది నిమిషాల తర్వాత ఆన్ చేశారు, మోడెం లేవగానే అన్నిటికీ వచ్చింది, టీవీతో సహా. ఒక్క డౌట్, కింద స్పీడ్ టెస్ట్‌లో 190 ఎంబీపీఎస్ దాకా వస్తోంది, పైన లాప్‌టాప్‌కి వైరుతో పెట్టినా 94 దాటట్లేదు. మళ్ళీ నేనేమైనా నొక్కేశానా?

మూడులాంతర్లు:
లేదు, 94 అంటేనే తెలిసిపోతుంది, ఎక్కడో 100 లింకు. పాత రూటర్ పోర్టులు 100 వే అయి ఉంటాయి. ఒకవేళ మీ రూటర్ గిగాబిట్‌దే (1000 ది) అయితే కేబుల్ అనుమానించాలి, గిగాబిట్‌కి లోపలి 8 తీగలూ తగలాలి, 100 కి 4 చాలు, క్లిప్పు సరిగ్గా కొట్టకపోతే చప్పుడు చెయ్యకుండా 100 కి దిగిపోతుంది. కాల్స్‌కి 94 బోలెడు, దాని కోసం కొత్త రూటర్ కొనకండి.

దానికంటే ముందు కింద మోడెంకి కూడా ఇన్వర్టర్ లైన్ లాగించుకోండి, లేదా 12 వోల్టుల చిన్న యూపీఎస్ దొరుకుతుంది, కొనేముందు మోడెం అడుగున రాసిన ఆంపియర్లు చూసుకోండి. ఫైబర్ లైన్ మధ్యలో వీధిలో ఉండే స్ప్లిటర్‌కి (ఒక ఫైబర్‌ని ఇళ్ళకి పంచే డబ్బాకి) కరెంటు అక్కర్లేదు, కాబట్టి కంపెనీ వైపు బ్యాకప్ ఉంటే మీ వీధంతా చీకటైనా మీకు నెట్ ఉంటుంది. ఇప్పుడు చేసింది కరెంటు వచ్చాక బాగుండటానికి. మీ అన్నయ్య అనుకున్నది కరెంటు పోయినప్పుడు కూడా ఉండాలని కదా.

నాగావళి_గట్టు:
రేపు ఎలక్ట్రీషియన్ని రమ్మన్నాం. అన్నయ్యకి ఫోన్ చేసి మొత్తం చెప్పాను, అంతా విని "కేబుల్ లాగింది నేనే కదా" అన్నాడు. చాలా థాంక్సండీ అందరికీ. ఇవాళ సాయంత్రం ఏడుకి కరెంటు పోయింది, ఏడున్నరకి వచ్చింది, నాయనమ్మ సీరియల్ సగం నుంచి చూస్తోంది, మొదటి సగం కథ నన్ను అడుగుతోంది.