స్కాన్ చూసి ఎన్ని నెలలుంటారో చెప్తారట, నమ్మొచ్చా?

గౌతమిగట్టు: మాది అమలాపురం దగ్గరండి. నాన్నగారికి ఊపిరితిత్తుల క్యాన్సర్, లివర్‌కీ వెన్నుకీ పాకింది. సిటీలో ఒక హాస్పిటల్లో, సీటీని కంప్యూటర్‌తో చదివించి ఎంతకాలం ఉంటారో అంచనా ఇస్తాం, దానికి వేరే కట్టాలన్నారు. చెల్లి పెళ్లి మాఘంలో పెట్టుకోవచ్చో లేదో తేలిపోతుంది కదా, చేయిద్దామంటాడు అన్నయ్య. నాకైతే జాతకం చూపించుకున్నట్టే ఉంది.

కొబ్బరితోట: జాతకం కాదండి, రేడియోమిక్స్ అంటారు. కణితి ఆకారం, అంచులు, లోపల ఎంత గజిబిజిగా ఉంది, అన్నీ అంకెల్లోకి మారుస్తారు. 2014లో 1019 మంది స్కాన్లలో 440 లక్షణాలు లెక్కగట్టి, బతికిన కాలంతో సంబంధం చూపించారు. మన కంటికి ఆననిది మిషనుకి ఆనితే తప్పేంటి?

సీటీగది: ఆ పేపర్ నేనూ చదివాను. ఆ లెక్క నేర్పింది రేడియేషన్ ఇచ్చిన ఊపిరితిత్తుల కేసులతో, ఒళ్లంతా పాకిన కేసులతో కాదు. 2019లో ఇంకొకళ్లు ఆ బొమ్మల్లో కణితి లోపలి చుక్కల్ని పేకముక్కల్లా కలిపేసి మళ్లీ లెక్కేస్తే ఫలితం పెద్దగా మారలేదు. అంటే అది చదివింది చాలావరకు కణితి సైజునే! పైగా స్కాన్లో 1 మిల్లీమీటరు మందం స్లైసులు తీస్తే ఒక అంకె, 5 తీస్తే ఇంకో అంకె. కాంట్రాస్ట్ మందు నరంలోకి ఎక్కించాక ఎన్ని సెకన్లకి తీశామన్నదాన్ని బట్టి మళ్లీ వేరే.

కొబ్బరితోట: డాక్టర్లు చేసేదైనా ఏంటండీ, ఐదు గడ్డలకి మించకుండా ఎంచుకుని, అడ్డంగా కొలిచి, మొత్తం 30 శాతం తగ్గితే తగ్గినట్టు, 20 శాతం పెరిగితే పెరిగినట్టు. పదిహేను గడ్డలున్నచోట ఒకటి కరిగి ఇంకోటి పెరుగుతుంటే అవన్నీ ఎవరు చూస్తారు?

సీటీగది: అది ఒప్పుకుంటా. అసలు నాకు గడ్డల కన్నా కండ మీద గురి. నడుము మూడో పూస దగ్గర ఒకే ఒక్క స్లైసులో కండ కొలుస్తారు, అది బాగా తగ్గినవాళ్లు తక్కువకాలం బతికారని చాలా క్యాన్సర్లలో చూశారు.

పాలకొల్లుఅక్క: మా మావయ్యగారికి ఆ స్లైసు కూడా అక్కర్లేకపోయింది తమ్ముడూ. స్నానం చేయిస్తుంటే మొలతాడు తుంటి మీంచి జారిపోయేది, అత్తయ్య రెండుసార్లు బిగించి ముడేసింది. మూడోసారి ఇంక వేయలేదు.

సీటీగది: గట్టుగారూ, పది నెలలని వచ్చిందనుకోండి, అలాంటి వందమందిలో సగం మంది పది నెలలు దాటారని అర్థం, మీ నాన్నగారు ఏ సగంలో ఉన్నారో అందులో ఉండదు. ఆ డబ్బులుంటే ముందు బయాప్సీ ముక్కకి ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే అనే జన్యువుల్లో మార్పులు చూసే టెస్టులు అయ్యాయో లేదో అడగండి. ఆ మార్పుల్లో ఏదైనా ఉంటే మాత్రలతోనే చాలామందికి ఏళ్లు కలిసొస్తున్నాయి.

గౌతమిగట్టు: ఫైలంతా తిరగేశానండి, ఆ రిపోర్టు లేదు. రేపే అడుగుతా. పెళ్లి సంగతంటారా, మేమిక్కడ కొట్టుకుంటుంటే నాన్నగారే పంతులుగారికి ఫోన్ చేసి కార్తీకంలో పెట్టించేశారు.