సెక్షన్ విప్పితే షేల్ పొడవు మాత్రం తగ్గుతోంది: లోపల ఇంకో థ్రస్ట్ ఉన్నట్టేనా?

ప్రశ్న

థ్రస్ట్ (కుదింపుకు ఒక వైపు రాళ్లు మరో వైపు మీదికి జారిన పగులు) మీది ఒక యాంటిక్లైన్‌కి (పైకి వంగిన ముడతకి) సెక్షన్ (నిలువు కోత పటం) గీసి, పొరల పొడవులతో బ్యాలెన్స్ చేస్తున్నాను, అంటే ముడత విప్పి చాపితే పొరలన్నీ ఒకే పొడవు వస్తాయా అని చూస్తున్నాను. పిన్ లైన్ (కొలతకు కదలదనుకున్న గీత) నుంచి వెనక అంచు దాకా ఇప్పటి దూరం 10 కి.మీ. విప్పి చాపిన పొడవులు: పైనున్న ఇసుకరాయి (మందం 500 మీ.) 11.4 కి.మీ., దాని కింది సున్నపురాయి (800 మీ.) 11.3, అడుగున షేల్ (పలకలుగా చీలే మెత్తని బురదరాయి, 700 మీ.) 10.6. ముడత వెనక లింబ్ (పక్క) డిప్ (వాలు కోణం) 25°, ముందు లింబ్ 70°. 25° ర్యాంప్ (థ్రస్ట్ పొరలను ఏటవాలుగా కోసే భాగం) ఎక్కి పై ఫ్లాట్ (థ్రస్ట్ పొరల వెంబడి సాగే భాగం) మీదికి జారిన ఫాల్ట్-బెండ్ ఫోల్డ్‌గా (థ్రస్ట్ వంపు మీదుగా జారడంతో ఏర్పడే ముడతగా) గీశాను. షేల్‌లో తగ్గిన 700 మీటర్ల కోసం ఇంకో థ్రస్ట్ చేర్చాలా?

జవాబు 1

చేర్చకండి. ఇసుకరాయికీ సున్నపురాయికీ మధ్య తేడా ఒక శాతం లోపే, అది గీతలో వచ్చే తేడా. షేల్ సంగతి వేరు. అది మందం మార్చుకోకుండా వంగే రాయి కాదు, ముడత గర్భంలోకి పాకి పోగుపడుతుంది. జురా పర్వతాల (ఫ్రాన్స్-స్విట్జర్లాండ్ సరిహద్దు) అడుగున ట్రయాసిక్ కాలపు ఉప్పు, జిప్సం పొరలు చేసేదీ ఇదే. ఇలాంటి పొరకు పొడవు కొలవకూడదు, వైశాల్యం కొలవాలి. సెక్షన్‌లో షేల్ మొత్తం వైశాల్యాన్ని అసలు మందంతో భాగించండి. 7.9 చ.కి.మీ. దగ్గర వస్తే 7.9 ÷ 0.7 = 11.3 కి.మీ., లెక్క సరిపోయినట్టే.

ఆ 700 మీ. ఎక్కడ కొలిచారన్నది మాత్రం ముఖ్యం. 25° వాలిన పొరలో నిటారు బోరు చూపే మందాన్ని కాస్ 25° (0.906)తో గుణించాలి. ముడత మధ్యలో కొలిచిన మందం అసలు పనికిరాదు.

జవాబు 2

షేల్ కన్నా పెద్ద చిక్కు ఆ 70°. మందం మారని మామూలు ఫాల్ట్-బెండ్ ఫోల్డ్‌లో ముందు లింబ్ డిప్ ర్యాంప్ కోణాన్ని బట్టే తేలిపోతుంది. జాన్ సప్పి 1983లో ఇచ్చిన జ్యామితి ప్రకారం ర్యాంప్ 20° అయితే ముందు లింబ్ 23°, 25° అయితే 33°, 30° అయితే 60°. ఒకే ర్యాంప్ ఉన్న మెట్టుకి అక్కడితో హద్దు. 25° ర్యాంప్ మీద 70° రాదు. మీది ఫాల్ట్-ప్రొపగేషన్ ఫోల్డ్‌లా ఉంది: థ్రస్ట్ పై ఫ్లాట్ దాకా వెళ్లకుండా గర్భంలోనే ఆగింది, మిగిలిన జారుడంతా ముడత మింగేసింది.

డిటాచ్‌మెంట్ (పై పొరలన్నీ జారిన అడుగు తలం) లోతు కూడా సరిచూడండి. ఇసుకరాయి పైతలంలో కుదింపు 11.4 − 10 = 1.4 కి.మీ. ముడత పడని చోట ఆ తలం ఉండే మట్టానికి పైకి లేచిన వైశాల్యాన్ని 1.4తో భాగించండి. 2.8 చ.కి.మీ. వస్తే లోతు 2 కి.మీ. మీ మూడు పొరల మందం కలిపినా అంతే కాబట్టి డిటాచ్‌మెంట్ షేల్ అడుగున ఉన్నట్టు. ఈ పద్ధతి బలహీనత ఆ మట్టమే: 3.8 కి.మీ. వెడల్పు ముడతకు 100 మీ. అటూఇటూ అయితే వైశాల్యం 0.38 మారుతుంది, లోతు 270 మీ. తప్పుతుంది.

జవాబు 3

ఈ లెక్కలన్నీ సెక్షన్ థ్రస్ట్ కదిలిన దిశలో ఉంటేనే. పక్క చోట్ల సమాచారం సెక్షన్ మీదికి తెచ్చేటప్పుడు ముడత అక్షం ప్లంజ్ (అక్షం తన పొడవునా కిందికి వాలే కోణం) వెంట తేవాలి. 8° ప్లంజ్ ఉంటే 2 కి.మీ. దూరానికే 280 మీ. ఎత్తు తేడా. నిలువు స్కేలు, అడ్డం స్కేలు ఒకటే ఉన్నాయా?

అడిగినవారు

స్కేలు 1:1. మరి ర్యాంప్ కోణం మార్చాలా?

జవాబు 2

అక్కర్లేదండీ. వెనక లింబ్ ర్యాంప్‌కి సమాంతరంగా ఉంటుంది కాబట్టి 25° ఉంచండి. పై ఫ్లాట్ తీసేసి, జారుడు కొన వైపు సున్నాకి తగ్గేలా కటాఫ్‌లు (థ్రస్ట్ పొరలను కోసే చోట్లు) గీయండి. మందం మారదనుకుంటే అక్షతలం (లింబ్‌లు కలిసే తలం) రెండు లింబ్‌ల మధ్య కోణాన్ని (85°) సగం చేస్తుంది, అంటే వెనక్కి 67.5° డిప్. శిఖరం మీద నిటారుగా దించిన బోరుకి 1 కి.మీ. లోతులో ఆ తలం 414 మీ. వెనక ఉంటుంది. బోరు బాగా వాలిన ముందు లింబ్‌లోకి దిగుతుంది, అక్కడ మందాలన్నీ దాదాపు మూడింతలుగా కనిపిస్తాయి.