సమస్య: తగ్గఁ జేయ బాసు దద్దరిల్లె

బసవనగుడి (నిర్వాహకుడు): నిన్న రాత్రి మా అబ్బాయి స్టీరియోకి ఈక్వలైజర్ (ఒక్కో స్వరస్థాయిని విడిగా హెచ్చించే, తగ్గించే మీటల పెట్టె) తగిలించి, పైకి తోస్తాడనుకున్న మీటను కిందికి లాగాడు. మృదంగం తొప్పి (బొంగురుగా మోగే ఎడమ వైపు) గుమ్మని మోగింది. ఈ పాదం అక్కడ దొరికింది. దీన్ని చివర పెట్టి పద్యం పూరించండి, కానివ్వండి.

జయనగర్ పంతులు:
గదిని నిండు రొదకుఁ గారణమ్మైనట్టి
నడిమి మీటలందు నాల్గు మెట్లు
దించి చూడ బరువు దిగిపోయె, మసకెల్ల
తగ్గఁ జేయ బాసు దద్దరిల్లె

మల్లేశ్వరం పిన్ని: పంతులుగారూ, "మసకెల్ల" దగ్గర ఆగిపోయాను. తగ్గింది బాసు (అడుగు స్వరం) కాదు, దాని మీద కమ్ముకున్న మసక! 250 హెర్ట్జ్ (స్వరస్థాయి కొలత) చుట్టూ ముద్దకట్టిన మోతను నాలుగు డెసిబెల్స్ (మోత కొలత) దించితే అడుగునున్న 60 హెర్ట్జ్ తేటపడుతుంది. విరుపంతా ఆ ఒక్క మాటలో ఉంది. కానీ "అట్టి" మాత్రం గణం నింపడానికి వచ్చింది. ఉగాది పూరణలోనూ ఇదే "అట్టి"తో నెట్టుకొచ్చారు. నాకు గుర్తుంది.

పంతులు: ఉగాదిది ఒప్పుకుంటాను. ఇక్కడిది ఒప్పుకోను.

వైట్‌ఫీల్డ్ తమ్ముడు:
వైటుఫీల్డు దారి వాహనమ్ముల మధ్య
చిక్కి యలసి సొలసి చేరి చేరి
నాకు నేనె నిన్న నాలుగు గడియలు
తగ్గఁ జేయ బాసు దద్దరిల్లె

పిన్ని: బాసును ఆఫీసు బాసు చేశావు, భేష్ నాయనా. నాలుగు గడియలంటే 96 నిమిషాలు, అదరడా మరి!

పంతులు: ఆఫీసు దద్దరిల్లుతుంది గానీ మనిషి దద్దరిల్లుతాడా?

పిన్ని: అదిరిపడ్డాడన్న అర్థంలో చెల్లుతుంది. మీ "అట్టి" కంటే నయం.

ఇందిరానగర్ (కొత్త సభ్యుడు):
మూల నున్న పెట్టె ముందుకు జరిపితిని
గోడ గుద్దు కొంత కుదుటఁబడెను
అరువదింటి మీట నారు మెట్లను నేను
తగ్గఁ జేయ బాసు దద్దరిల్లె

పిన్ని: మొదటి పాదం చివర ఒక లఘువు ఎక్కువైంది. "జరిపితి" చాలు.

పంతులు: లఘువు సంగతి సరే, అనుభవం నికార్సయినది. స్పీకరును మూలన పెడితే రెండు గోడలూ కలిసి బాసును ఉబ్బిస్తాయి. బాబూ, మీ గది వెడల్పు తొమ్మిదిన్నర అడుగులుందా? ధ్వని వేగం సెకనుకు 343 మీటర్లు. దాన్ని మీటర్లలోకి మార్చిన వెడల్పుకు రెట్టింపుతో భాగిస్తే సరిగ్గా 60 హెర్ట్జ్ దగ్గరికొస్తుంది. గది ఆ స్వరాన్నే పట్టుకుని ఊగుతుంది, అందుకే దించగానే మిగతా బాసంతా బయటికొచ్చింది. ఎక్కడైనా బాసు పూర్తిగా మాయమైతే మాత్రం మీట ఎత్తకండి. మూడు డెసిబెల్స్ ఎత్తితే యాంప్లిఫయర్ రెట్టింపు వాట్లు ఇవ్వాలి, అయినా ఆ గుంట పూడదు. కుర్చీ ఒక అడుగు జరపండి.

ఇందిరానగర్: టేపుతో కొలిచానండీ. తొమ్మిది అడుగుల అయిదు అంగుళాలు! "జరిపితి" అని దిద్దాను.

వైట్‌ఫీల్డ్ తమ్ముడు: పంతులుగారూ, మీ గది కూడా కొలిచారా?

పంతులు: కొలవలేదు. రాత్రంతా "అట్టి"తోనే సరిపోయింది. పిన్నిగారూ, చూడండి: "గదిని నిండు రొదకుఁ గారణమ్ముగ నున్న".

పిన్ని: ఇప్పుడు తేటపడింది. ఇక ఉగాదిది కూడా దిద్దండి.