గెరిల్లా పోరుకు ప్రాణం అడవా, ఊరా? పాపన్న నుంచి సాయుధ పోరాటం దాకా

ఖిలాషాపూర్ బస్సు (హన్మకొండ)

వాట్సాప్ గ్రూపులో మొదలైన గొడవ ఇది. అక్కడ తేలేలా లేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా. చిన్న దళం పెద్ద సైన్యం ముందు ఏళ్ల తరబడి నిలబడిందంటే కారణం అడవా, ఊరా? మా బ్యాచ్‌లో ఎక్కువ మంది అడవి అంటున్నారు. నేను ఊరు అంటున్నా.

1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య చనిపోయాక లేచిన తెలంగాణ సాయుధ పోరాటం ముఖ్యంగా ఎక్కడ నడిచింది? జనగామ, సూర్యాపేట, భువనగిరి వైపు. అక్కడ అడవి ఎక్కడిది? మెట్ట చేలు, తాటిచెట్లు, బోడి గుట్టలు. ఎండాకాలంలో నడిచే మనిషి మైలు దూరం నుంచి కనబడతాడు. మొదట్లో చేతిలో ఉన్నవి కూడా కర్రలు, వడిసెలలు, రోకళ్లు, కారంపొడి. అయినా నిజాం పోలీసులు, రజాకార్లు రెండేళ్లలో వాళ్లను తుడిచిపెట్టలేకపోయారు. తిండి ఊరు పెట్టింది, కబురు ఊరు చేర్చింది, దాచిపెట్టింది కూడా ఊరే.

1948 సెప్టెంబర్‌లో యూనియన్ సైన్యం వచ్చింది. మైదానంలో ఉండలేక దళాలు గోదావరి ఒడ్డు అడవులకు, నల్లమలకు పోయాయి. అడవైతే దొరికింది, పోరాటం మాత్రం సన్నబడి 1951 అక్టోబర్‌లో విరమణ దాకా వచ్చింది. అడవే ప్రాణమైతే అక్కడికి పోయాక బలం పెరగాలి కదా?

ములుగు రోడ్

అన్నా, జనగామ దళాలకు అడవి లేదు, నిజమే. కానీ సరిహద్దు ఉంది. 1947 ఆగస్టు 15 తర్వాత కృష్ణా జిల్లా వైపు ఇంకో దేశం కింద లెక్క. శిబిరాలు అక్కడ పెట్టుకున్నారు, ఆయుధాలు అక్కడి నుంచి వచ్చాయి, దెబ్బ తిన్నవాళ్లు అక్కడ తలదాచుకున్నారు. నిజాం పోలీసు అడుగుపెట్టలేని చోటు అది. అడవి చేసే పని కూడా అదే.

ఇక అసలు అడవి సంగతి. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద వరసగా మూడు రోజుల్లో పడి తుపాకులు పట్టుకుపోయాడు. మరుసటి నెల దామనపల్లి ఘాట్‌లో ఇద్దరు తెల్ల అధికారులు చనిపోయారు. ఇదే పని గుంటూరు మైదానంలో చేసి ఉంటే వారం తిరగకుండా చుట్టుముట్టేవాళ్లు. మన్యం కాబట్టి 1924 మే దాకా సాగింది. మలబార్ పోలీసులతో పని కాక, కొండల్లో నడవడం తెలిసిన అస్సాం రైఫిల్స్‌ను దించారు. మన వైపు కొమరం భీమ్ కూడా జోడేఘాట్ గుట్టలు ఎక్కింది ఊరికే కాదు.

పరకాల పిల్లగాడు

నా లెక్క వేరు. అడవైనా, ఊరైనా తిరిగేవాడు మిగులుతాడు, కూర్చున్నవాడు పోతాడు. బైరాన్‌పల్లి చూడండి.

లెక్చరర్ మేడమ్

పిల్లగాడు ఒక్క లైన్‌లో అన్నది కొంచెం విప్పి చెప్తాను, ఎందుకంటే మన జిల్లాలోనే దీనికి ఇంకా పాత సాక్ష్యం ఉంది.

సర్వాయి పాపన్నను మనం విగ్రహంగా చూడటం అలవాటు చేసుకున్నాం గానీ, ఆయన యుద్ధాన్ని యుద్ధంగా చూసేది తక్కువ. మొదట ఆయన వెంట ఉన్నది చిన్న గుంపు. దారిలో వర్తకుల మీద, ధనికుల మీద పడి వెళ్లిపోవడం వాళ్ల పద్ధతి. మొగలు ఫౌజ్‌దార్లకు, అంటే అక్కడి సైనిక అధికారులకు, దొరికేవాడు కాదు. 1707లో ఔరంగజేబు పోయాడు, కొడుకులు కొట్టుకుంటున్నారు, దక్కన్‌ను పట్టించుకునే తీరిక ఎవరికీ లేదు. ఆ సందులో 1708లో వరంగల్ మీద పడి కొల్లగొట్టాడు. 1709లో బహదూర్ షా దక్కన్ వచ్చినప్పుడు నజరానా ఇచ్చి ఖిలత్ కూడా అందుకున్నాడు. ఒక కల్లుగీత కులస్తుడు పాదుషా దగ్గర గౌరవ వస్త్రం తీసుకోవడం ఇక్కడి పెద్ద కుటుంబాలకు మింగుడుపడలేదు. ఫిర్యాదులు పోయాయి, పాదుషా మనసు మారింది.

అప్పటికి పాపన్న చేతిలో కోటలున్నాయి, ఫిరంగులున్నాయి, చుట్టూ సాగు చేయించే భూమి ఉంది. అంటే పట్టుకోవడానికి ఒక చిరునామా ఉంది. తాటికొండ కోటను మొగలు సైన్యం నెలల తరబడి ముట్టడించింది. 1710లో ఆయన్ను పట్టుకుని చంపారు. తిరిగినన్నాళ్లు దొరకనివాడు, కోట పట్టుకుని కూర్చున్నాక, అది వదిలి పారిపోయినప్పుడు దొరికాడు.

బైరాన్‌పల్లిదీ ఆ వరసే, కాకపోతే మనసుకు ఇంకా కష్టమైనది. ఊరివాళ్లు బురుజు మీద కాపలా పెట్టుకుని రజాకార్ల దాడులను తిప్పికొట్టారు. 1948 ఆగస్టు 27న నిజాం బలగాలు పెద్ద ఆయుధాలతో వచ్చేసరికి బురుజు నిలవలేదు. వంద మందికి అటూఇటుగా చంపేశారు. ఇంకో మూడు వారాలు గడిస్తే నిజాం లొంగిపోయేవాడు.

కానీ పిల్లగా, వాళ్లు ‘తిరిగి’ ఉండాల్సింది అంటావా? ముసలివాళ్లను, పసిపిల్లలను, పశువులను తీసుకుని ఎక్కడికి తిరుగుతారు? బస్సు గారి వాదనలో నాకు కనబడే ఇబ్బంది ఇదే. దళం కదులుతుంది, ఊరు కదలదు. దళం చేసిన దాడికి దెబ్బలు ఊరు తింటుంది.

కరీంనగర్ క్రాస్

అందరూ 1951 దగ్గరే ఆగారేం? 1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. 1980లో నక్సలైట్ల పీపుల్స్‌వార్ పార్టీ వచ్చింది. దానికి జవాబుగా 1989లో ప్రభుత్వం గ్రేహౌండ్స్ అనే ప్రత్యేక పోలీసు దళం పెట్టింది. ఆ జవాబేమిటో చూడండి: లారీలు వదిలి కాలినడక, పెద్ద బెటాలియన్ వదిలి చిన్న టీములు. పెద్ద సైన్యం చిన్న దళంలా మారడం నేర్చుకుంది. అడవి ఎవరి సొత్తూ కాదు, నడిచేవాడిది. ఆ తర్వాతి సంగతి అందరికీ తెలిసిందే, మొన్నటి కర్రెగుట్టలు

అడ్మిన్

క్రాస్ గారూ, మిగతా రెండు పేరాలు తీసేశాను. పాత రూల్ తెలుసు కదా, ఇప్పటి ఎన్‌కౌంటర్ల మీద ఇక్కడ వాదన వద్దు. రెండు వైపులా బంధువులను పోగొట్టుకున్నవాళ్లు ఈ గ్రూపులో ఉన్నారు. చరిత్ర వరకు ఎంతైనా కొట్లాడుకోండి.

రిటైర్డ్ సుబేదార్

అందరూ చిన్న దళం వైపు నుంచే చూస్తున్నారు. నేను పెద్ద సైన్యంలో నడిచినవాణ్ని, అటు నుంచి చెప్తా.

1987 అక్టోబర్‌లో శ్రీలంకలోని జాఫ్నా పట్టణం కొద్ది రోజుల పని అనుకున్నారు పైవాళ్లు. రెండు వారాలు దాటింది. తర్వాత ఒక దశలో మన బలగం 70 వేలు దాటింది. ఎదురుగా ఉన్న తమిళ గెరిల్లాలు, అంటే ఎల్‌టీటీఈ, అందులో చిన్న భాగం. బాట మీద మందుపాతర, కొబ్బరి తోటలోంచి రెండు తూటాలు, పోయి చూస్తే ఎవరూ ఉండరు. దారి అడిగితే ఊళ్లో ఎవరూ నోరు విప్పరు. అక్కడ మన ములుగు లాంటి అడవి అంతటా లేదు, జాఫ్నా అంతా చదును. కాబట్టి బస్సు బిడ్డ చెప్పిన ఊరి మాటలో నిజం ఉంది.

కానీ మేం తిరిగి వచ్చింది అందుకు కాదు. 1990 మార్చిలో వచ్చేశామంటే, అక్కడి కొత్త అధ్యక్షుడు ప్రేమదాసకే మేం వద్దు కాబట్టి, ఢిల్లీలో ప్రభుత్వం మారింది కాబట్టి. సుమారు 1200 మందిని పోగొట్టుకున్నాం. బాధ ఉంది. అయినా మాకు పోవడానికి ఇల్లు ఉంది. ఓడ ఎక్కితే అయిపోయింది.

ఇప్పుడు అదే ఎల్‌టీటీఈని శ్రీలంక సైన్యం పక్క నుంచి చూడండి. వాళ్లు ఓడ ఎక్కి ఎక్కడికి పోతారు? అది వాళ్ల దేశం. పదిసార్లు దెబ్బ తిన్నారు, పదకొండోసారి వచ్చారు. ఎల్‌టీటీఈ ఈలోపు మేడమ్ చెప్పిన పాపన్నలాగే అయింది. కిలినొచ్చిలో రాజధాని, ఫిరంగులు, పడవలు, చివరికి చిన్న విమానాలు. 2004లో తూర్పు కమాండర్ కరుణ తన మనుషులతో విడిపోయాడు. 2009 జనవరిలో కిలినొచ్చి పోయింది, మే నెలలో ముల్లివాయ్‌క్కాల్ దగ్గర అంతా ముగిసింది, మధ్యలో ఇరుక్కున్న వేల మంది మామూలు జనంతో సహా.

శత్రువు ఒక్కడే, సైన్యాలు రెండు, ఫలితాలు రెండు. అందుకే నేను అడిగే ప్రశ్న వేరు: పెద్ద సైన్యానికి ఇంటికి పోయే దారి ఉందా, లేదా? వియత్నాంలో ఫ్రెంచివాడికి ఉంది, అమెరికావాడికి ఉంది. పోయారు.

ములుగు రోడ్

సుబేదార్ సాబ్, సెల్యూట్. కానీ మలయా (ఇప్పటి మలేసియాలో భాగం) సంగతేంటి? బ్రిటిష్‌వాళ్లకు ఇంటికి పోయే దారి ఉంది. దట్టమైన అడవి కూడా ఉంది, నా లెక్క ప్రకారం గెరిల్లాలు గెలవాలి. 1948 నుంచి 1960 దాకా కొట్లాడి ఓడిపోయారు.

లెక్చరర్ మేడమ్

ములుగు తమ్ముడు తన వాదనకే ఎదురు ఉదాహరణ తెచ్చాడు, మెచ్చుకోవాలి. గెరిల్లా చేప అయితే జనం నీళ్లు అని మావో చెప్పిన మాట బ్రిటిష్‌వాళ్లు కూడా చదివారు. అడవిలో వెతకడం కన్నా ఊళ్లను అడవి అంచు నుంచి లేపేయడం మేలనుకున్నారు. సుమారు 5 లక్షల మందిని, ఎక్కువగా చైనీస్ పేదలను, కంచె వేసిన కొత్త ఊళ్లలోకి తరలించారు. కొన్నిచోట్ల రేషన్ బియ్యాన్ని వండి అన్నంగానే ఇచ్చేవారు. బియ్యమైతే దాచి అడవికి పంపొచ్చు, అన్నం రెండో రోజుకే పాచిపోతుంది. దుర్మార్గమే, కానీ పనిచేసింది. దాంతోపాటే 1957లో స్వాతంత్ర్యం ఇచ్చేశారు. ఇంక గెరిల్లాలు ఎవరి మీద పోరాడాలి?

మన గోదావరి అడవుల్లో కూడా 1949, 50ల్లో కోయ గూడేలను ఖాళీ చేయించి క్యాంపుల్లో పెట్టారు. బస్సు గారూ, అడవికి పోయాక పోరాటం ఎందుకు సన్నబడిందో అందులో సగం జవాబు ఉంది. మిగతా సగం: నిజాం పోయాడు, 1949లో జాగీర్లు రద్దయ్యాయి, 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. సైన్యం వస్తే చాలా ఊళ్లు దండలు వేశాయి. 1951 మొదట్లో కమ్యూనిస్టు పార్టీ నాయకులు నలుగురు రహస్యంగా మాస్కో పోతే స్టాలిన్ కూడా, చైనాకు వెనక స్నేహ దేశం ఉంది, మీకు లేదు అన్నాడు.

ఖిలాషాపూర్ బస్సు

అంటే మేడమ్, మీరు కూడా ఊరే అంటున్నారు. ఊరిని కంచెలో పెడితే దళం ఆగిపోయింది. ఊరు చేజారకపోతే ఏమయ్యేదో 1952 ఎన్నికలు చూపించాయి. కమ్యూనిస్టులు పీడీఎఫ్ (పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్) పేరుతో నిలబడితే నల్లగొండలో రావి నారాయణరెడ్డికి నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లు. మన వరంగల్ నుంచి పెండ్యాల రాఘవరావు లోక్‌సభకు పోయారు, అదీ కాళోజీ మీద గెలిచి. దళం ఓడింది గానీ, ఊరు ఓడలేదు.

లెక్చరర్ మేడమ్

ఆ రావి నారాయణరెడ్డి గారే, 1948 సెప్టెంబర్ తర్వాత తుపాకీ దించాల్సిందని వాదించారు. నిజాం మీద లేచిన జనం నెహ్రూ సైన్యం మీద లేవరని ఆయన లెక్క. మీ ఊరి సిద్ధాంతాన్ని అందరికన్నా ముందు పట్టుకున్నది ఆయనే. ఓట్లు చూశాక ఆయన మాటే నిజమనిపిస్తుంది నాకు. మూడేళ్ల చావులు తప్పేవి.

పరకాల పిల్లగాడు

మేడమ్, ఒక్క మాట. మా తాతకు 1948లో దళం మూడెకరాలు పంచింది. సైన్యం వచ్చిన కొన్ని నెలలకు ఊరు వదిలి పారిపోయిన దొర క్యాంపు వెనకాలే తిరిగొచ్చాడు. పట్నంలో కూర్చున్నవాళ్లకు నిజాం పోవడమే పండగ, మా తాతకు మూడెకరాలు పోయాయి. అప్పుడు ఆయన అడిగింది పోరాటం ఆపమని కాదు, దళం ఎటు పోయిందని. కౌలు చట్టం మా ఊరి చావడి దాకా వచ్చేసరికి ఆయన జీతగాడిగా కుదిరాడు.

లెక్చరర్ మేడమ్

ఆ దొర వాపసు రావడాన్ని అడ్డుకోవడానికే తుపాకీ ఉంచాలన్నారు సుందరయ్య గారి వైపు వాళ్లు. మీ తాత వాళ్ల సాక్షి, 1952 ఓటర్లు నా సాక్షులు. పోనీ ఇది చెప్పు: ఆ ఎన్నికల్లో మీ తాత ఓటు ఎవరికి వేశాడు?

పరకాల పిల్లగాడు

పీడీఎఫ్‌కే. కానీ భూమి రాలేదు.