మెడ్-పీడ్స్ చేసినవారు తర్వాత కూడా పిల్లలనూ పెద్దలనూ చూడగలుగుతున్నారా?

ఎంబీబీఎస్ విజయవాడలో చేశాను. అమెరికాలో రెసిడెన్సీకి (ఎంబీబీఎస్ తర్వాతి స్పెషాలిటీ శిక్షణకు) ఈ సెప్టెంబరులో దరఖాస్తు పెడుతున్నాను. అక్కడి లైసెన్సు పరీక్షలు స్టెప్ 1, స్టెప్ 2 అయిపోయాయి. ఇంటర్నల్ మెడిసిన్ (పెద్దల వైద్యం) అయినా, పీడియాట్రిక్స్ (పిల్లల వైద్యం) అయినా 3 ఏళ్లు. రెండూ కలిపిన మెడ్-పీడ్స్ 4 ఏళ్లు. చెరో 24 నెలలు, కొన్ని నెలలకోసారి అటూ ఇటూ మారాలి, చివర రెండు బోర్డు పరీక్షలు రాయాలి.

నన్ను ఇటు లాగింది సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తవ్యాధి ఉన్న రోగులు. అబ్జర్వర్‌షిప్‌లో (డాక్టర్ల పక్కన ఉండి గమనించే శిక్షణలో) 19 ఏళ్ల అబ్బాయిని చూశాను. పసితనం నుంచి చూసిన పిల్లల డాక్టరును వదిలి పెద్దల క్లినిక్‌కు వచ్చాడు. నొప్పి ఎక్కువైనప్పుడు తనకు ఏ మందు, ఎంత మోతాదులో పనిచేస్తుందో కొత్త డాక్టర్లకు మొదటి నుంచీ తానే చెప్పుకోవలసి వచ్చింది. ఆ మధ్యలో నిలబడే డాక్టరు కావాలని నాకు గట్టిగా ఉంది.

మన దగ్గర ఈ రెండు ఎండీలూ విడివిడిగానే ఉంటాయి కాబట్టి మా ప్రొఫెసర్లు ఏమీ చెప్పలేకపోయారు. ప్రోగ్రాముల ఆన్‌లైన్ పరిచయ సమావేశాల్లోనూ అడిగాను. జవాబిచ్చినవారంతా ఇంకా శిక్షణలో ఉన్నవారే. మెడ్-పీడ్స్‌కూ ఇంటర్నల్ మెడిసిన్‌కూ వేర్వేరు పర్సనల్ స్టేట్‌మెంట్లు (దరఖాస్తుతో పంపే స్వపరిచయ వ్యాసాలు) రాసి చూసినా తేలలేదు. మెడ్-పీడ్స్ సీట్లు తక్కువ, అందుకని ఇంటర్నల్ మెడిసిన్‌కూ పెడతాను. ప్రోగ్రాములను మన ఇష్టం వరుసలో రాసిచ్చే ర్యాంకు జాబితాలో ఏది పైన ఉండాలన్నదే చిక్కు.

మెడ్-పీడ్స్ పూర్తిచేసి కొన్నేళ్లయినవారు చెప్పండి: మీరు ఇప్పటికీ పిల్లలనూ పెద్దలనూ చూస్తున్నారా, లేక ఉద్యోగం మిమ్మల్ని ఒకవైపుకే నెట్టేసిందా?