1370 నాటి లండన్‌లో బూట్లు కుట్టేవాడి వేషం: బొమ్మల్ని నమ్మాలా, బురదని నమ్మాలా?

కాజాకష్టాలు:

అందరికీ నమస్కారం. కొంచెం పొడుగు ప్రశ్న, ఓపిక పట్టండి.

యూరప్ మధ్యయుగాల జీవితాన్ని బట్టలతో, వస్తువులతో మళ్ళీ చేసి చూపించే ఒక బృందంలో ఆరు నెలల కింద చేరాను. నేను ఎంచుకున్న పాత్ర 1370 ప్రాంతంలో లండన్‌లో బూట్లు కుట్టుకుని బతికే మామూలు మనిషి. రాజులూ నైట్లూ అయితే ఇప్పటికే ఎక్కువైపోయారు మా దగ్గర.

మొదటి ప్రదర్శనకి వేసుకెళ్ళిన కోటు నేనే కుట్టాను. నెట్‌లో దొరికిన ఒక బొమ్మ చూసి ఆకుపచ్చ వెల్వెట్ తీసుకుని, ముందువైపు తాడు బిగించుకోవడానికి రెండు వరసల ఇనప రింగులు కొట్టించాను. మూడు వారాలు పట్టింది. గర్వంగా వెళ్ళాను. బృందంలో ఒక పెద్దావిడ దగ్గరికొచ్చి, అంచు తిరగేసి చూసి, "బాబూ, ఈ రింగులు కొట్టే మిషను 1370లో ఎవరి దగ్గరుండేది?" అని మాత్రం అడిగారు. కోపం లేదు, వెక్కిరింపూ లేదు, నిజంగానే అడిగినట్టు అడిగారు. ఆ రోజంతా చేతులు కట్టుకునే నిలబడ్డాను, రింగులు కనపడకుండా.

అప్పట్నుంచి చదువుతున్నాను. చదివినకొద్దీ టెన్షన్ పెరుగుతోంది గానీ తగ్గట్లేదు. రాతప్రతుల్లో బొమ్మలు చూస్తే అందరి బట్టలూ కొత్తగా, ఎర్రగా, నీలంగా మెరుస్తున్నాయి. తవ్వకాల ఫొటోలు చూస్తే అన్నీ టీ డికాక్షన్ రంగు పేలికలు. ఏది నిజం? గ్రీన్‌లాండ్‌లో దొరికిన నిండు అంగీల కొలతలు చాలామంది వాడుతున్నారు, లండన్ వాడికి అవి సరిపోతాయా? లోపల వేసుకునే నార చొక్కా సంగతి ఎక్కడ చూడాలి? చేతిలో ఏం పట్టుకోవాలి, నడుముకి ఏం వేలాడదీయాలి? ఇంకోటి, నాకు కళ్ళద్దాలు లేకపోతే ఎదుటి మనిషి మొహం కూడా కనపడదు. వాటి సంగతేంటి?

పాతసూది:

తమ్ముడూ, ఇనప రింగులు కొట్టించినవాళ్ళలో నువ్వు మొదటివాడివీ కాదు, చివరివాడివీ కాదు. నా మొదటి గౌనుకి వెనకాల జిప్పు ఉండేది. పైన శాలువా కప్పుకుని తిరిగాను.

బొమ్మా, బురదా రెండూ నిజమే. రెండూ ఒక్కోచోట అబద్ధం చెప్తాయి, ఆ చోటేదో తెలుసుకోవాలి. ముందు బురద. థేమ్స్ నది ఒడ్డున కొయ్యగోడలు కట్టి, వాటి వెనక ఊరి చెత్త నింపి నేలని ముందుకి జరుపుకుంటూ పోయారు లండన్ వాళ్ళు. ఆ చెత్తని 1970లు, 80లలో తవ్వారు. బేనార్డ్స్ కాసిల్ దగ్గర దొరికిన గుడ్డముక్కలు సరిగ్గా నీ పాత్ర బతికిన 14వ శతాబ్దానివి. నీళ్ళు నిండి గాలాడని మట్టిలో ఉన్ని, పట్టు, తోలు నిలుస్తాయి. నార బట్ట కుళ్ళిపోతుంది. అందుకే ఉన్ని ముక్కలు బస్తాల కొద్దీ దొరికి, లోపలి చొక్కాలు అసలు లేనట్టే ఉంటుంది. ఇది చూసి "అప్పట్లో లోపల ఏమీ వేసుకునేవాళ్ళు కాదేమో" అని తేల్చేసిన మహానుభావుల్ని చూశాను నేను!

ఇంకో చిక్కు. చెత్తలో పడేది చెత్తే కదా. విప్పి, వాడుకోదగ్గ ముక్క కోసుకుని, మిగిలిన అంచుల్నీ కాజాల్నీ చంకల్నీ పారేశారు. కాబట్టి లండన్‌లో నిండు కోటు దొరకదు. కానీ కాజా ఎలా కుట్టారో, గుండీ ఎక్కడ పెట్టారో దారంతో సహా కనపడుతుంది.

నిండు బట్ట కావాలంటే గ్రీన్‌లాండ్ వెళ్ళాలి. అక్కడి హెర్యోల్ఫ్స్‌నెస్ చర్చి శ్మశానంలో 1921లో తవ్వినప్పుడు గడ్డకట్టిన నేలలో నార్స్ జనం, అంటే స్కాండినేవియా నుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డవాళ్ళ బట్టలు బయటపడ్డాయి. శవపేటికలకి బదులు పాత అంగీలు చుట్టి పూడ్చారు. ఇప్పుడవి కోపెన్‌హేగన్‌లో డెన్మార్క్ నేషనల్ మ్యూజియంలో ఉన్నాయి. ఆ కటింగ్ చూస్తే ముచ్చటేస్తుంది. ఒంటికి పట్టడానికి గుడ్డ మడిచి కుట్టే డాట్ ఒక్కటి కూడా లేదు. ముందూ, వెనకా, పక్కలా కలీలు, అంటే కిందకి వెడల్పయ్యే ముక్కలు దించి కింద ఘేర్ తెచ్చారు. స్వీడన్‌లో వార్‌బర్గ్ దగ్గర 1936లో పీట్ బురదలోంచి బయటపడ్డ బోక్‌స్టెన్ మనిషి బట్టలు కూడా చూడు. అంగీ, పైన కప్పుకునే దుప్పటి, కాళ్ళ తొడుగులు, దాదాపు 90 సెంటీమీటర్ల తోక ఉన్న ముసుగుటోపీ అన్నీ ఒకే ఒంటి మీదవి. టోపీకి అంత తోకెందుకంటే, ఫ్యాషన్. దానికి వేరే కారణం వెతకొద్దు.

ఇక నీ ప్రశ్న: లండన్ వాడికి గ్రీన్‌లాండ్ కొలతలు నప్పుతాయా? కలీలు దించే పద్ధతి తీసుకో, బట్ట తీసుకోకు. వాళ్ళది ఇంట్లో నేసుకున్న ట్విల్, ఏటవాలు గీతలు కనపడే నేత. లండన్‌లో 14వ శతాబ్దానికి ఒక పోగు పైకీ ఒక పోగు కిందకీ పోయే సాదా నేతే ఎక్కువైంది. నేశాక నీళ్ళలో తొక్కి తొక్కి దట్టం చేసేవాళ్ళు. ఆ బట్టకి పడుగేదో పేకేదో కనపడదు, కత్తిరించినా పోగులు ఊడవు. నువ్వు గుడ్డ కొనేటప్పుడు మూల దగ్గర గోటితో గీరి చూడు. పోగు లేచిందంటే అది వద్దు.

వెల్వెట్ మాటకొస్తే, అది పట్టు. బూట్లు కుట్టేవాడి ఒంటి మీద ఎందుకుంటుంది? 1363లో ఇంగ్లండ్ పార్లమెంటు ఎవరు ఏం కట్టుకోవాలో చట్టం చేసింది. చేతిపనివాళ్ళు ఒక్కో తాను ధర 40 షిల్లింగులు దాటిన గుడ్డ కట్టకూడదు, పట్టు వద్దు, వెండి వద్దు. వాళ్ళ ఆడవాళ్ళు బొచ్చు వేసుకుంటే గొర్రెపిల్ల, కుందేలు, పిల్లి, నక్క, అంతవరకే. రెండేళ్ళలో ఆ చట్టాన్ని ఎత్తేశారు. వద్దన్నారంటే ఎవరో అప్పటికే కట్టుకు తిరుగుతున్నారని కూడా అర్థమే అనుకో, అయినా దాన్ని వెల్వెట్‌కి లైసెన్సు చేసుకోకు.

లోపలి చొక్కాకి ఆధారాలు తక్కువ. ప్యారిస్‌లో ఫ్రాన్స్ రాజు సెయింట్ లూయీది అని చెప్పే నార చొక్కా ఉంది. ఆయన 1270లో పోయాడు. 2019లో నోట్రడామ్ చర్చి తగలబడినప్పుడు కాపాడి బయటికి తెచ్చిన వాటిలో అదొకటి. రాజుగారిదైనా కటింగ్ సాదా. దానికి తోడు పొలంలో కోటు విప్పేసి పనిచేసేవాళ్ళ బొమ్మలు చూడు, చొక్కా ఎంత పొడుగో అక్కడే తెలుస్తుంది.

బొమ్మల గురించి ఒక్కమాట. లట్రెల్ సాల్టర్ అని ఇంగ్లండ్‌లో బొమ్మలతో రాసిన ప్రార్థనల పుస్తకం ఉంది, అందులో దున్నేవాళ్ళు, నూర్చేవాళ్ళు భలే ఉంటారు, అందరూ దాన్నే పట్టుకుంటారు. కానీ అది 1325–1340 మధ్యది. 1340ల్లోనే కదా వదులు అంగీ పోయి ఒంటికి పట్టే గుండీల కోటు వచ్చింది! నీ వాడు 1370 వాడు, అవి వాడి తాత బట్టలు. ఇంకోటి, బైబిల్ కథల బొమ్మల్లో ప్రవక్తల్నీ, దేవదూతల్నీ, హింసించేవాళ్ళనీ వదిలెయ్. వాళ్ళకి చిత్రకారుడు కావాలనే వింత బట్టలు తొడుగుతాడు. మూలన నిలబడ్డ పనివాణ్ణి పట్టుకో.

నీలిచేతులు:

పాతసూది అక్క చెప్పిన దానికి రంగుల గురించి చిన్న చేర్పు. తవ్వకాల్లో బట్టలు గోధుమరంగులో ఉన్నాయంటే మట్టి చేసిన పని అది, జనం గోధుమరంగే కట్టారని కాదు. పరీక్ష చేస్తే ఆ పోగుల్లో అద్దకం దొరుకుతుంది. ఎరుపుకి మంజిష్ఠ జాతి వేరు, నీలానికి వోడ్ ఆకు, పసుపుకి వెల్డ్ మొక్క. ఆకుపచ్చ కావాలంటే పసుపూ నీలమూ రెండు తొట్లలో ముంచాలి, అంటే రెండు పనుల ఖర్చు. కాబట్టి మీ వాడికి లేత ఎరుపో, వెలిసిన నీలమో ఇవ్వండి. అదే తొట్టిలో మూడోసారి ముంచిన గుడ్డకి రంగు పలచగా దిగుతుంది, ధరా తగ్గుతుంది. నేను ఈ రంగులే వేస్తుంటాను. నా మూడో ముంపు గుడ్డే చూసేవాళ్ళకి ఎక్కువ నచ్చుతుంది, ఎందుకో మరి.

అన్నట్టు నల్లరంగు జోలికి పోకండి. మంచి నలుపు అద్దడం కష్టం, ఖరీదు.

కొయ్యగరిటె:

బట్టల విషయంలో నాకు నోరెత్తే అర్హత లేదు. చేతిలో ఏం పట్టుకోవాలో చెప్తాను.

ఫోర్కు ఉంటే పారేయండి. భోజనానికి ఎవరి కత్తి వాళ్ళు నడుముకి ఒరలో పెట్టుకు తిరిగేవాళ్ళు. ఒక స్పూను, కొయ్యదో తగరందో. తరిణె పట్టిన చెక్క గిన్నె ఒకటి. ఆష్, బీచ్, ఆల్డర్, మేపుల్ చెక్కల్లో ఏదైనా సరే. గిన్నె లోపల తరిణె గీతలు కనపడాలి, వార్నిష్ మెరుపు కనపడకూడదు. కూజా కావాలంటే సర్రే తెల్లమట్టిది, పైన ఆకుపచ్చ గ్లేజు కారినట్టు ఉండేది. లండన్‌లో ఆ కాలంలో మామూలుగా వాడింది అదే.

మీ పనిముట్లకి జర్మనీలోని న్యూరెంబర్గ్ మెండెల్ ఆశ్రమం పుస్తకం చూడండి. వయసైపోయిన పన్నెండుమంది చేతిపనివాళ్ళకి నీడ ఇవ్వడానికి 1388లో పెట్టిన ధర్మసత్రం అది. 1425 ప్రాంతం నుంచి ఒక్కొక్కరికీ తన పని చేసుకుంటున్నట్టు బొమ్మ వేయించారు. మీకు యాభై ఏళ్ళ తర్వాతిది, పైగా వేరే ఊరిది, అందుకని అందులోని టోపీ నమ్మకండి. తోలుకి బొక్క పొడిచే ఆరె, అర్ధచంద్రం కత్తి, కొయ్య అచ్చు మాత్రం అంత త్వరగా మారేవి కావు.

ఆ కాలంలో బూటుని లోపలివైపు బయటికి పెట్టి కుట్టి, తడిపి తిరగేసేవాళ్ళు. అప్పుడు కుట్టు లోపలికి పోయి నేల తగలదు. దారం కొసకి సూది బదులు పందివెంట్రుక. ఇది నలుగురి ముందు చేసి చూపించండి, మీ కోటు ఎవరూ చూడరు. తిరగేసే క్షణంలో పిల్లలు నోరు తెరుస్తారు. ముక్కు పొడుగు బూట్లు వేసుకోవాలనుంటే మొనలో నాచు కూరండి, బేనార్డ్స్ కాసిల్ బూట్లలో అదే దొరికింది.

కళ్ళద్దాలు ఇటలీలో 13వ శతాబ్దం చివర్లోనే వచ్చాయి. 1352లో ట్రెవీజోలో తొమ్మాజో ద మోదెనా వేసిన గోడచిత్రంలో ఒక మతాధికారి ముక్కు మీద పెట్టుకుని రాస్తుంటాడు. అవి చదువుకునేవాళ్ళవి, దగ్గరి చూపుకి. లండన్‌లో ట్రిగ్ లేన్ తవ్వకంలో దొరికిన ఎముక ఫ్రేము 1440 ప్రాంతానిది. మీకు దూరం కనపడదు కాబట్టి ఎలా చూసినా అవి మీకు పనికిరావు. మీవే పెట్టుకోండి, లేదా కాంటాక్ట్ లెన్స్. మా బృందంలోనైతే కళ్ళద్దాల గురించి ఎవరం మాట్లాడం. ఆరె చేతిలో ఉన్నవాడికి కళ్ళు కనపడటం ముఖ్యం.

కాజాకష్టాలు:

మీ అందరికీ దణ్ణం. వారం రోజులు గుండీల మీద కూర్చున్నాను, ఆ సంగతి చెప్పి పోతాను.

అక్క చెప్పినట్టు గోటితో గీరి చూసి దట్టమైన ఉన్ని తెచ్చాను. రూపాయి బిళ్ళకన్నా కాస్త పెద్దగా గుండ్రంగా కత్తిరించి, అంచు చుట్టూ మైనం పూసిన నార దారంతో టాకాలు వేసి లాగాను. మొదటిది ఎండిన ద్రాక్షలా వచ్చింది. అంచుని లోపలికి తోసి ఇంకో వరస కుట్టి లాగితే తప్ప గట్టిపడదని నాలుగోదానికి తెలిసింది. మొత్తం పదిహేడు చేస్తే ఐదు బాగున్నాయి. ఆ ఐదూ వేలి మధ్య నొక్కితే శనగగింజలా గట్టిగా ఉన్నాయి.

గుండీ ఎక్కడ కుట్టాలో చూసి ఆశ్చర్యపోయాను. మన చొక్కాలకి గుండీపట్టీ మీద కాస్త లోపలికి కుడతాం కదా. లండన్ ముక్కల్లో గుండీలు సరిగ్గా గుడ్డ అంచు మీదే, బయటికి వేలాడుతున్నట్టున్నాయి. ముందు ఫొటో తప్పేమో అనుకున్నాను. కుట్టి పెట్టుకుంటే తెలిసింది, రెండు అంచులూ ఒకదాన్నొకటి ఆనుకుని ఛాతీ మధ్యలో సన్నటి గీతలా కలుస్తాయి. కాజా వెనక సన్నటి పట్టు పట్టీ కూడా వేశాను. చట్టం పట్టు వద్దంది గానీ, లోపలిది ఎవరు చూస్తారు? అక్కా, తిట్టకండి.

ఒక ప్రశ్న మిగిలింది. తాడు కట్టుకునే కాళ్ళ తొడుగులకి బొక్కలు దారంతోనే కుట్టాలని అర్థమైంది. తొడుగులకి కూడా అప్పుడే ఇనప రింగులు కొట్టించి ఉన్నాను, గుడ్డ మాత్రం మంచి ఉన్నే. రింగులు పీకేస్తే పెద్ద కన్నాలు పడుతున్నాయి. గుడ్డ మొత్తం పారేయాలా?

పాతసూది:

పట్టు పట్టీకి తిట్టను. లండన్ ముక్కల్లో కాజాల వెనక ఉన్నది అదే, నువ్వు చట్టం తప్పావో లేదో నీకూ నీ వాడికీ తెలియాలి.

గుడ్డ ఎందుకు పారేస్తావు? రింగులు పీకు, కన్నాల వెనక అదే ఉన్ని ముక్క వేసి అతుకు పెట్టి, దాని మీద దారంతో బొక్క కుట్టు. తవ్వకాల్లో అతుకులు వేసిన గుడ్డలు బోలెడు. దారం రంగు కలవకపోయినా కంగారుపడకు.