అప్‌డేట్: గేటు లోపలి వీధుల మరమ్మతుకు నగరం సాయం చేస్తుందా?

డల్లాస్ శివార్లలోని మా గేటెడ్ కాలనీలో కాంక్రీటు వీధులు పగిలి, పలకలు ఎగుడుదిగుడైపోయాయని, ఆ ఖర్చులో నగరం వాటా పెడుతుందా అని ఇదివరకు అడిగాను. జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

గేటు లోపలి వీధులు మా ఇళ్ల యజమానుల సంఘానివి కాబట్టి డబ్బు ఇవ్వలేమని నగర ఇంజనీరింగ్ విభాగం స్పష్టంగా చెప్పింది. టెక్సస్ రాజ్యాంగం 3వ అధికరణంలోని 52వ సెక్షన్ ప్రజాధనాన్ని వ్యక్తులకు, సంఘాలకు ధారాదత్తం చేయడాన్ని నిషేధిస్తుంది. ఇళ్ల పన్ను అందరిలాగే కడుతున్నాం కదా అని నాకు బాధగానే ఉంది. కానీ గేటు వేసి బయటివారిని ఆపుతున్న వీధికి ఊరంతటి సొమ్ము అడగడం న్యాయం కాదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఒక మేలు మాత్రం జరిగింది. వీధి కింద నీటి గొట్టాలు నగరానివే. వాటి కోసం తవ్విన చోట కాంక్రీటు వాళ్లే తిరిగి పోశారు. మీ కాలనీ ఈజ్‌మెంట్ పత్రాలు (మీ స్థలంలో గొట్టాల వంటివి వేసి వాడుకునే హక్కు ఇచ్చే పత్రాలు) తప్పక చదవండి, ఈ బాధ్యత అందులో రాసి ఉండవచ్చు.

ఇక మిగిలినవి రెండు దారులు. వీధులను నగర ప్రమాణాలకు తెచ్చి, గేట్లు తీసేసి అప్పగించడం ఒకటి. టెక్సస్ స్థానిక ప్రభుత్వ చట్టం 372వ అధ్యాయం కింద ప్రత్యేక అభివృద్ధి జిల్లా, అంటే తమ ప్రాంతం పనుల కోసం అక్కడి యజమానులే అదనపు రుసుము కట్టే ఏర్పాటు, చేసుకోవడం రెండోది. దానికి పన్ను కోసం లెక్కగట్టిన ఆస్తి విలువలో సగానికి మించి ఉన్న యజమానుల సంతకాలు కావాలి, భారం మళ్లీ మన ఇళ్ల మీదే పడుతుంది.

గేట్లు వదులుకోవడానికి పెద్దవాళ్లు ఇష్టపడలేదు. అందుకని సంఘం రిజర్వు నిధి (పెద్ద మరమ్మతుల కోసం దాచే డబ్బు) పెంచి, ముందుగా నీరు నిలిచే మలుపు బాగుచేయిస్తోంది. ఇక్కడి బంకమట్టి తడికి ఉబ్బి, ఎండకు కుంగుతుంది. నీటి పారుదల సరిచేయకుండా పలకలు మార్చితే డబ్బు వృథా. కాంట్రాక్టరు కొటేషన్లు వచ్చాక మళ్లీ రాస్తాను.